దురద తగ్గదు, లింఫోసైట్లు తక్కువ: ఏ చికిత్స ఎవరికి?

నెలల తరబడి ఒళ్లంతా దురద. రక్తపరీక్షలో లింఫోసైట్లు (రోగాలతో పోరాడే ఒక రకం తెల్లకణాలు) తక్కువని వచ్చింది, మళ్లీ చేయించినా అంతే. హెచ్‌ఐవీ నెగెటివ్. కణాలు ఎందుకు తగ్గాయో ఎవరూ తేల్చి చెప్పడం లేదు. ఒక డాక్టరు మాత్రలు రాశారు, ఇంకొకరు లైట్ థెరపీ అన్నారు, మరో చోట ఖరీదైన సూదిమందు మాట వచ్చింది. వీటిలో ఏది ఎంచుకోవాలో తేలక ఆగిపోయిన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలవారి కోసం ఈ పోలిక.

అసలు చిక్కు ఇది. దురదను గట్టిగా అణిచే మందుల్లో చాలావరకు రోగనిరోధక వ్యవస్థను అణిచే పనిచేస్తాయి. ఆ వ్యవస్థలో కణాలు ముందే తక్కువగా ఉన్న మనిషికి అదే మందు టీబీనో, ఫంగస్‌నో తెచ్చిపెట్టవచ్చు. కాబట్టి ఏ మందు బలమైనదన్నది ఇక్కడ అడగాల్సిన ప్రశ్న కాదు. కణాల మీద తక్కువ భారం వేస్తూ రాత్రి నిద్ర పట్టించేది ఏదో వెతకాలి. అంతకన్నా ముందు తేల్చుకోవాల్సినవి రెండున్నాయి: కణాల లెక్క నిజమేనా, దురదకు మామూలు కారణం ఏదైనా మిగిలిపోయిందా?

లెక్క నిజమేనా?

సీబీసీ రిపోర్టులో లింఫోసైట్ల శాతం ఒక్కటే చూసి భయపడకండి. మొత్తం తెల్లకణాలను ఆ శాతంతో గుణించి 100తో భాగిస్తే అసలు సంఖ్య వస్తుంది. తెల్లకణాలు 6,200, లింఫోసైట్లు 12 శాతం అయితే 744. పెద్దవారిలో 1,000 దాటి ఉండాలి. అదే 14 వేల తెల్లకణాల్లో 12 శాతమైతే 1,680. అది లోపం కాదు, వేరే కణాలు పెరగడం వల్ల శాతం తగ్గినట్టు కనిపించిందంతే.

మన ఊళ్లలో ఈ లెక్కను ఎక్కువగా తప్పుదోవ పట్టించేది సూది. దురదని చెప్పగానే వేసే ఇంజెక్షన్లలో చాలాసార్లు డెక్సామెథాసోన్ అనే స్టిరాయిడ్ ఉంటుంది. పేరు చెప్పకుండా పొట్లం కట్టిచ్చే చిన్న తెల్ల మాత్రల్లో ప్రెడ్నిసొలోనో, బీటామెథాసోనో ఉండవచ్చు. ఇవి లింఫోసైట్లను గంటల్లోనే రక్తంలోంచి పక్కకు తప్పిస్తాయి. మర్నాడు రక్తం ఇస్తే సీడీ4 (లింఫోసైట్లలోని టి కణాల్లో ఒక రకం) సంఖ్య సగానికి పడిపోయి కనిపించినా వింత లేదు. ఒకటి రెండు డోసులే తీసుకుని ఉంటే చివరి డోసు తర్వాత కనీసం వారం ఆగి పరీక్షకు వెళ్లండి. ట్రయామ్సినోలోన్ లాంటి నిల్వ ఉండే ఇంజెక్షనైతే 6 వారాలు ఆగాలి. రెండు మూడు వారాలకు పైగా రోజూ స్టిరాయిడ్ మాత్రలు వాడుతున్నవారు మాత్రం పరీక్ష కోసం సొంతంగా ఆపకూడదు. ఒక్కసారిగా ఆపితే బీపీ పడిపోయి ప్రాణం మీదకు వస్తుంది. డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించుకోవాలి.

సీడీ4 పరీక్షకు రక్తం ఊదారంగు మూత ట్యూబులో తీస్తారు. దాన్ని ఫ్రిజ్‌లో పెట్టకూడదు, మామూలు గది వేడిలోనే ఉంచి 48 గంటల్లోపు మెషిన్ మీద పెట్టాలి. ఇక్కడి కలెక్షన్ సెంటర్లు శాంపిల్‌ను విశాఖకో హైదరాబాదుకో పంపుతాయి. శనివారం సాయంత్రం ఇస్తే అది సోమవారం దాకా పడి ఉండవచ్చు. సోమవారం నుంచి గురువారం మధ్య, పొద్దున పూట ఇవ్వండి. సీడీ4 సంఖ్య ఉదయం తక్కువగా, సాయంత్రం ఎక్కువగా ఉంటుంది గనుక రెండోసారి కూడా అదే వేళకు ఇస్తేనే పోల్చడానికి వీలుంటుంది. ఏఆర్‌టీ కేంద్రాల్లో (హెచ్‌ఐవీ మందులిచ్చే చోట్ల) ఉచిత సీడీ4 పరీక్ష హెచ్‌ఐవీ ఉన్నవారికే. మిగిలినవారు ప్రైవేటు ల్యాబులో చేయించుకోవాలి. చేయించేటప్పుడు సీడీ4 ఒక్కటే కాకుండా 'లింఫోసైట్ సబ్‌సెట్' అడిగితే సీడీ8, బి కణాలు, ఎన్‌కే కణాలు లాంటి మిగతా లింఫోసైట్ల లెక్క కూడా తెలుస్తుంది.

కారణం తెలియని సీడీ4 లోపం అని పేరు పెట్టాలంటే సీడీ4 300 లోపు గాని, మొత్తం టి కణాల్లో 20 శాతం లోపు గాని ఉండాలి. అదీ ఒకసారి కాదు, కనీసం 6 వారాల తేడాతో రెండుసార్లు. హెచ్‌ఐవీ, టి కణాలకు సోకే మరో వైరస్ హెచ్‌టీఎల్‌వీ రెండూ లేవని తేలాలి, కణాలు తగ్గించే మందులు వాడి ఉండకూడదు. ఈ నిర్వచనం 1992లో అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ ఇచ్చింది. అంటే ఇది మిగతావన్నీ కొట్టేశాక మిగిలే పేరు. టీబీ, లూపస్, సార్కాయిడోసిస్, లింఫోమా, లివర్ సిర్రోసిస్, కిడ్నీ జబ్బు, తీవ్రమైన పోషకాహార లోపం, ఈమధ్యే వచ్చి తగ్గిన వైరల్ జ్వరం, ఇవన్నీ లింఫోసైట్లను తగ్గించగలవు. వీటిని చూడకుండా 'కారణం తెలియదు' అంటే ఒప్పుకోకండి.

దురదకు మామూలు కారణాలు తేలాయా?

ముందు గజ్జి. వేళ్ల సందులు, మణికట్టు, నడుము, చంకలు, మర్మాంగాల దగ్గర దురద, రాత్రి ఎక్కువ, ఇంట్లో ఇంకొకరు గోక్కుంటున్నారు అంటే పర్మెత్రిన్ 5% క్రీమ్ వాడాలి. పెద్దవారికి ఒకసారికి సుమారు 30 గ్రాములు. మెడ నుంచి అరికాళ్ల దాకా, గోళ్ల కింద, బొడ్డులో కూడా రాసి 8 నుంచి 12 గంటలు ఉంచాలి. వారం తర్వాత మళ్లీ ఒకసారి రాయాలి. ఇంట్లో అందరూ ఒకే రాత్రి రాసుకోకపోతే పది రోజుల్లో మళ్లీ మొదటికే వస్తుంది, మందు పనిచేయలేదని అందరూ అనుకునేది ఇక్కడే. పురుగు చచ్చాక కూడా దురద 2 నుంచి 4 వారాలు ఉంటుంది. కణాలు తక్కువ ఉన్నవారిలో గజ్జి వేరుగా రావచ్చు: చేతులు, పాదాల మీద మందపాటి పెచ్చులు కడతాయి, దురద పెద్దగా ఉండదు, కానీ పురుగులు వేలల్లో ఉంటాయి. దానికి క్రీమ్ ఒక్కటే చాలదు, ఐవర్‌మెక్టిన్ మాత్రలు పలుమార్లు పడాలి.

తర్వాత తామర. క్లోబెటసోల్ కలిపిన మిక్స్ క్రీములు రాసీ రాసీ తామర గుండ్రటి ఆకారం పోయి ఎగ్జిమాలా కనిపిస్తుంది. పెచ్చు గీరి మైక్రోస్కోపు కింద చూసే కేఓహెచ్ పరీక్ష పది నిమిషాల పని. అది చేయకుండా మింగే మందులు మొదలుపెట్టడం తప్పు.

ఉద్దానం ప్రాంతంవారు, అంటే కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాలవారు ముందు క్రియాటినిన్ చేయించుకోవాలి. కిడ్నీ జబ్బు ముదిరితే దురదా వస్తుంది, లింఫోసైట్లూ తగ్గుతాయి. రెండు ఫిర్యాదులకూ ఒకటే కారణం కావచ్చు. అక్కడి కిడ్నీ జబ్బులో కాళ్ల వాపు ఉండకపోవచ్చు, మూత్రంలో ప్రొటీన్ కూడా స్వల్పంగానే పోవచ్చు. అందుకే మూత్రపరీక్ష బాగుందని ధీమా పడకూడదు. పలాసలో 2023 డిసెంబరులో ప్రారంభమైన కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ఈ పరీక్షలకు దగ్గర.

పనిని కూడా చూడండి. జీడిపిక్క తొక్కలోని జిగురునూనె తగిలితే చేతులు నల్లబడి, పొక్కి, నెలల తరబడి దురద పెడతాయి. పలాస–కాశీబుగ్గ జీడి యూనిట్లలో పనిచేసేవారికి నూలు గ్లౌజుల మీద రబ్బరు గ్లౌజులు వేసుకోకుండా ఏ మందు రాసినా నిలవదు. గట్ల మీద పెరిగే వయ్యారిభామ మొక్క పడనివారికి కనురెప్పలు, మెడ, మోచేతి మడతల్లో ఎగ్జిమా వస్తుంది. ప్యాచ్ టెస్ట్‌తో ఇది తేలుతుంది.

ఒక్కటి మాత్రం ఆలస్యం చేయకూడదు. నలభై దాటాక కొత్తగా మొదలైన 'ఎగ్జిమా', ముఖ్యంగా పిరుదులు, తొడలు, రొమ్ముల మీద ఎండ తగలని చోట మచ్చలై ఏ మందుకూ లొంగకపోతే చర్మపు లింఫోమా అనుమానించి బయాప్సీ చేయాలి. రెండు చోట్ల నుంచి 4 మి.మీ. ముక్క తీస్తే మంచిది, ఆ చోట్ల రెండు వారాలు స్టిరాయిడ్ క్రీమ్ రాయకూడదు. దద్దుర్లు లేకుండా దురద, రాత్రి చెమటలు, బరువు తగ్గడం, మెడలో గడ్డలు కలిసి ఉంటే ఛాతీ ఎక్స్‌రే, గడ్డ బయాప్సీ ముందు, దురద మందు తర్వాత.

దేన్ని బట్టి ఎంచుకోవాలి

మా దృష్టిలో వరుస ఇది: లింఫోసైట్ల మీద ప్రభావం, కిడ్నీ లివర్ల స్థితి, ఎంత దూరం ఎన్నిసార్లు తిరగగలరు, ఎంత త్వరగా ఉపశమనం కావాలి, ఖర్చు. చాలామంది త్వరగా తగ్గడాన్ని మొదట పెడతారు. కణాలు తక్కువ ఉన్నప్పుడు అది నాలుగో స్థానంలో ఉండాల్సిన విషయం.

| చికిత్స | రక్తంలో లింఫోసైట్ల మీద ప్రభావం | దురద తగ్గే కాలం | ఖర్చు, తిరుగుడు | కిడ్నీ దెబ్బతిన్నవారికి |
|---|---|---|---|---|
| మాయిశ్చరైజర్, తగిన స్టిరాయిడ్ ఆయింట్‌మెంట్ | దాదాపు లేదు | 3–14 రోజులు | తక్కువ | పర్వాలేదు |
| టాక్రోలిమస్ ఆయింట్‌మెంట్ | దాదాపు లేదు | 2–4 వారాలు | మధ్యస్థం | పర్వాలేదు |
| నారోబ్యాండ్ యూవీబీ లైట్ | పెద్దగా లేదు | 4–6 వారాలు | తిరుగుడు ఎక్కువ | మంచి ఎంపిక |
| గాబాపెంటిన్ | లేదు | 1–3 వారాలు | తక్కువ | డోసు బాగా తగ్గించాలి |
| ప్రెడ్నిసొలోన్ మాత్రలు | తగ్గిస్తుంది | 1–3 రోజులు | తక్కువ | బీపీ, షుగర్ పెరుగుతాయి |
| మెథోట్రెక్సేట్ | కొంత తగ్గించవచ్చు | 8–12 వారాలు | మందు చవక, పరీక్షలు తరచూ | ప్రమాదం |
| అజాథియోప్రిన్ | బాగా తగ్గించవచ్చు | 8–12 వారాలు | పరీక్షలు తరచూ | డోసు తగ్గించాలి |
| సైక్లోస్పోరిన్ | సంఖ్య కన్నా పనితీరును అణుస్తుంది | 2–4 వారాలు | మధ్యస్థం | వద్దు |
| టోఫాసిటినిబ్ లాంటి జాక్ మందులు | తగ్గించవచ్చు | కొన్ని రోజులు–2 వారాలు | రకాన్ని బట్టి | డోసు తగ్గించాలి |
| డుపిలుమాబ్ సూది | తగ్గించదు | 2–6 వారాలు | చాలా ఎక్కువ | సాధారణంగా మార్చనక్కర్లేదు |

పూత మందులు: సరిగా వాడితే చాలామందికి ఇవే చాలు

'క్రీములు రాశాం, పనిచేయలేదు' అనేవారిలో ఎక్కువమంది చాలినంత రాయలేదు. ఒళ్లంతా దురద ఉన్న పెద్దమనిషికి మాయిశ్చరైజర్ వారానికి 250 గ్రాములు కావాలి, బాగా పొడిచర్మమైతే 500 గ్రాముల దాకా. 50 గ్రాముల ట్యూబు నెలంతా వచ్చిందంటే అది వాడనట్టే. తెల్ల పెట్రోలియం జెల్లీ, లేదా శుభ్రమైన కొబ్బరినూనె సరిపోతాయి. ఆవనూనె మంట పెడుతుంది, వద్దు. స్నానం చేసి ఒళ్లు తడి పూర్తిగా ఆరకముందే, మూడు నిమిషాల్లోపు రాయాలి. నీళ్లు గోరువెచ్చగా చాలు, సున్నిపిండితో రుద్దడం ఆపాలి.

స్టిరాయిడ్ ఆయింట్‌మెంట్‌ను చూపుడువేలి చివరి కణుపు పొడవున పిండితే సుమారు అర గ్రాము. అది రెండు అరచేతులంత చోటుకు సరిపోతుంది. ఒంటికి మొమెటసోన్ 0.1% రోజుకు ఒకసారి, మొహానికి, మడతలకు హైడ్రోకార్టిసోన్ 1%. రెండు మూడు వారాలకు తగ్గాక వారానికి రెండు రోజులు పాత చోట్లలో రాస్తూ ఉంటే తిరగబెట్టడం తగ్గుతుంది. క్లోబెటసోల్ రెండు వారాలు దాటకూడదు, వారానికి 50 గ్రాములు మించకూడదు. మించితే ఒంట్లోకి ఇంకి, మాత్రలు మింగినట్టే పనిచేస్తుంది. టాక్రోలిమస్ చర్మాన్ని పలచబరచదు, అందుకే మొహం, కనురెప్పలకు మంచిది. మొదటి వారం మంట పుడుతుంది, ఆ మంటకే చాలామంది మానేస్తారు. కణాలు తక్కువ ఉన్నవారిలో పులిపిర్లు, ముత్యాల్లాంటి మొలస్కం పొక్కులు ఉన్నచోట స్టిరాయిడ్, టాక్రోలిమస్ రెండూ రాయకండి, అవి పాకుతాయి.

సెట్రిజిన్ లాంటి అలర్జీ మాత్రలు దద్దుర్లు లేచి మాయమయ్యే అర్టికేరియాకు మందు. ఎగ్జిమా దురదకు పెద్దగా పనిచేయవు.

లైట్ థెరపీ

లింఫోసైట్లు తక్కువగా ఉండి పూత మందులు చాలనివారికి మేం మొదట చూడమనేది ఇదే. 311 నానోమీటర్ల యూవీబీ, వారానికి రెండు మూడుసార్లు, మొత్తం 20 నుంచి 30 సిట్టింగులు. పది పన్నెండు దాటాక గాని తేడా తెలియదు, ఐదారుకే మానేస్తే డబ్బు, బస్సు చార్జీలు దండగ. ఇచ్ఛాపురం నుంచి శ్రీకాకుళానికి నూరు కిలోమీటర్లకు పైగా. వారానికి మూడుసార్లు రోజుకూలి మానుకుని రావడం ఎవరికి సాధ్యమో ముందే లెక్క వేసుకోండి. మెడికల్ కాలేజీ ఆసుపత్రి చర్మ విభాగానికి బయల్దేరేముందు మెషిన్ ఉందా, నడుస్తోందా అని కనుక్కోండి. మధ్యలో రెండు వారాలు ఆగితే డోసు మళ్లీ తగ్గించి మొదలుపెట్టాలి.

లూపస్ ఉన్నవారికి, ఎండకు ఎక్కువయ్యే ఎగ్జిమా ఉన్నవారికి ఇది కుదరదు. వయ్యారిభామ ఎగ్జిమా ముదిరితే ఎండ పడని జబ్బుగా మారవచ్చు, వాళ్లకీ జాగ్రత్త. లూపస్ కణాలనూ తగ్గిస్తుంది గనుక దాన్ని పట్టే ఏఎన్ఏ రక్తపరీక్ష చేశాకే మెషిన్ ఎక్కండి. మేడ మీద ఎండలో కూర్చోవడం దీనికి బదులు కాదు, ఆ వేడికి, చెమటకు దురద పెరుగుతుంది.

మింగే మందులు

ప్రెడ్నిసొలోన్ అందరికీ నచ్చుతుంది, ఎందుకంటే మర్నాటికే హాయి. ఆపాక దురద తరచూ తిరగబెడుతుంది, మళ్లీ మాత్ర. ఈ చక్రంలో పడితే కణాల లెక్క ఎప్పటికీ తేలదు. ఇంకో ప్రమాదం పొలాల్లో వట్టికాళ్లతో పనిచేసేవారికి: స్ట్రాంగిలాయిడిస్ అనే నులిపురుగు పాదాల్లోంచి ఎక్కి ఏళ్లపాటు మౌనంగా ఉంటుంది. స్టిరాయిడ్ పడగానే ఒళ్లంతా పాకి ప్రాణం తీయగలదు. సీబీసీలో ఇసినోఫిల్స్ (ఇంకో రకం తెల్లకణాలు) 500 దాటి ఉంటే ముందు ఐవర్‌మెక్టిన్ సంగతి డాక్టరును అడగండి. మలపరీక్ష ఒకసారి చేస్తే ఈ పురుగు దొరకకపోవచ్చు.

మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కరోజు మాత్రమే. రోజూ మింగేసి ప్రాణాపాయంలో పడ్డవాళ్లున్నారు. వారంలో ఏ రోజో చీటీ మీద పెద్దక్షరాలతో రాయించుకోండి, ఫోలిక్ యాసిడ్ వేరే రోజున వేసుకోండి. కిడ్నీ వడపోత (రిపోర్టులో ఈజీఎఫ్‌ఆర్) 30 లోపుంటే అసలు వాడకూడదు. గర్భం అనుకుంటున్నవారికి వద్దు. అజాథియోప్రిన్ వయ్యారిభామ ఎగ్జిమాకు బాగా పనిచేస్తుంది, కానీ లింఫోసైట్లు తక్కువ ఉన్నవారికి చివరి ఎంపిక. మన దేశంలో కొందరికి ఎన్‌యూడీటీ15 జన్యుతేడా వల్ల మామూలు డోసుకే కణాలు కుప్పకూలుతాయి. గౌట్‌కు అల్లోప్యూరినాల్ గాని, ఫెబుక్సోస్టాట్ గాని వాడేవారు దీన్ని కలపకూడదు.

టోఫాసిటినిబ్ జనరిక్ రూపంలో దొరుకుతోంది, దురద వేగంగా తగ్గిస్తుంది, అందుకే ఈమధ్య ఎక్కువగా రాస్తున్నారు. లింఫోసైట్లు 500 లోపుంటే దీన్ని గాని, బారిసిటినిబ్, ఉపాడాసిటినిబ్‌లను గాని మొదలుపెట్టకూడదని మందు సమాచారంలోనే ఉంటుంది. 500కూ 1,000కీ మధ్య ఉన్నవారికి కూడా టీబీ పరీక్ష లేకుండా, అక్కి ప్రమాదం చెప్పకుండా రాస్తే ఇంకో డాక్టరు అభిప్రాయం తీసుకోండి. సీడీ4 బాగా తక్కువగా ఉంటే మాంటూ పరీక్ష టీబీ ఉన్నా నెగెటివ్ రావచ్చు, ఎక్స్‌రే తప్పనిసరి.

దద్దుర్లు లేని దురదకు, కిడ్నీ దురదకు, గడ్డలుకట్టే ప్రురిగోకు నరాల మందు గాబాపెంటిన్‌ను చాలామంది మరిచిపోతారు. డయాలసిస్ చేయించుకునేవారికి ప్రతి డయాలసిస్ తర్వాత 100 మి.గ్రా. నుంచి మొదలు. ఎక్కువైతే తూలుడు, మగత.

డుపిలుమాబ్

డబ్బు అడ్డు కాకపోతే, ఎగ్జిమా గాని ప్రురిగో గాని అని బయాప్సీతో తేలితే, లింఫోసైట్లు తక్కువ ఉన్నవారికి ఇది మెరుగైన బలమైన మందు. మొదట 600 మి.గ్రా., తర్వాత రెండు వారాలకోసారి 300 మి.గ్రా. కళ్లు ఎర్రబడటం మామూలు. నులిపురుగులుంటే ముందు వాటికి వైద్యం కావాలి. చర్మపు లింఫోమాను ఎగ్జిమా అనుకుని ఇస్తే అది బయటపడి పెరగవచ్చు, అందుకే బయాప్సీ. సూదిని 2–8 డిగ్రీల చల్లదనంలో ఉంచాలి. విశాఖలో కొని వేసవిలో బస్సులో తెచ్చుకునేవారు ఐస్‌ప్యాక్ పెట్టె తీసుకెళ్లాలి, మందు మాత్రం ఐస్‌కు నేరుగా తగలకూడదు, గడ్డకడితే పారేయాల్సిందే.

ఎవరికి ఏది

లింఫోసైట్లు 1,000 దగ్గర్లో, సీడీ4 300 పైన, మామూలు ఎగ్జిమా అయితే పూత మందులు మూడు నెలలు గట్టిగా వాడండి, చాలకపోతే లైట్. మెథోట్రెక్సేట్ కూడా నెలనెలా పరీక్షలతో ఆలోచించవచ్చు.

సీడీ4 200 లోపు రెండుసార్లు వచ్చినవారు పూత మందులు, లైట్, గాబాపెంటిన్, వీలైతే డుపిలుమాబ్ దాటి వెళ్లకండి. వీళ్లకు దురదకన్నా ముందు రక్షణ కావాలి. న్యుమోనియా రాకుండా కోట్రైమాక్సజోల్ రోజూ వేసుకోమంటారు. అది మొదలుపెట్టిన రెండు వారాల్లో కొత్త దద్దుర్లు వస్తే మందు పడలేదని అర్థం, వెంటనే చూపించాలి. సీడీ4 100 లోపుంటే రక్తంలో క్రిప్టోకాకల్ యాంటిజెన్ పరీక్ష (మెదడుకు పాకే క్రిప్టోకాకస్ ఫంగస్‌ను పట్టేది) అడగండి. అమెరికా పరిశోధన సంస్థ ఎన్‌ఐహెచ్ కారణం తెలియని సీడీ4 లోపం ఉన్న 91 మంది వివరాలు 2023లో ప్రచురిస్తే పులిపిర్లు, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ తెచ్చే పాపిలోమా వైరస్ జబ్బులు 29 శాతం మందిలో, క్రిప్టోకాకస్ 24 శాతం మందిలో కనిపించాయి. ఆడవాళ్లు గర్భాశయ ముఖద్వారం పరీక్ష వాయిదా వేయకూడదు. ఎంఎంఆర్, చికెన్‌పాక్స్ లాంటి బతికున్న క్రిముల టీకాలు వీళ్లకు వద్దు. కణాల సంఖ్య పెంచుతామని అమ్మే పొడులు, టానిక్కులు కొనకండి. ఈ లోపానికి సంఖ్య పెంచే ఆమోదిత మందు ఇప్పటికి లేదు.

ఉద్దానంలో క్రియాటినిన్ పెరిగినవారికి సైక్లోస్పోరిన్, మెథోట్రెక్సేట్ రెండూ జాబితాలోంచి తీసేయండి. నొప్పి మాత్రలు కూడా. మాయిశ్చరైజర్, తక్కువ డోసు గాబాపెంటిన్, దగ్గర్లో ఉంటే లైట్.

మన్యం వైపు నుంచి, దూరపు ఊళ్ల నుంచి వచ్చేవారికి తిరుగుడే పెద్ద అడ్డంకి. ఒకే ప్రయాణంలో పనులు ముగించుకోండి: శ్రీకాకుళం జీజీహెచ్‌లోనో, విజయనగరం ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆసుపత్రిలోనో చర్మ విభాగం, ఐసీటీసీలో హెచ్‌ఐవీ పరీక్ష, సీబీసీ, క్రియాటినిన్, లివర్ పరీక్షలు, ఎక్స్‌రే, కేఓహెచ్ అన్నీ ఒక రోజులో అడగవచ్చు. లింఫోసైట్ సబ్‌సెట్‌లో తేడా నిలిస్తే, బయాప్సీలో అనుమానం వస్తే అప్పుడు విశాఖ కేజీహెచ్. ఇప్పటిదాకా వాడిన ప్రతి ట్యూబు, ప్రతి ఖాళీ మాత్రల స్ట్రిప్పు సంచిలో వేసుకెళ్లండి. పేరు తెలియని పొట్లం మాత్రలుంటే వాటినీ చూపించండి.

ఏ చికిత్సలో ఉన్నా వారాల తరబడి తలనొప్పి, వాంతులు, మెట్లెక్కితే ఆయాసం, తగ్గని పొడిదగ్గు, రెండు వారాలు దాటిన జ్వరం, ఒక పక్కనే వరుసగా లేచిన మంటపుట్టే పొక్కులు కనిపిస్తే తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా అదే రోజు ఆసుపత్రికి వెళ్లి, సీడీ4 రిపోర్టును మొదట చేతికివ్వండి.